ప్యాకెట్లు జారిపోయే లింకుల మీద సర్వర్ మరమ్మతు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. నాలుగు డేటా కేంద్రాల్లో 4, 4, 3, 3 చొప్పున మొత్తం 14 సర్వర్లు ఉన్నాయి. ఫైళ్లను రీడ్–సాలమన్ పద్ధతిలో 10 డేటా బ్లాకులు, 4 అదనపు బ్లాకులుగా చేసి సర్వర్‌కు ఒకటి చొప్పున దాస్తున్నారు. ఒక్కో బ్లాకు 256 ఎంబీ. కేంద్రం లోపలి నెట్‌వర్క్ బాగానే ఉంది. కేంద్రాల మధ్య లింకుల్లో మాత్రం నూటికి ఒకటి రెండు ప్యాకెట్లు (డేటా ప్రయాణించే చిన్న ముక్కలు) దారిలోనే పోతున్నాయి. ఒక సర్వర్ పడిపోతే దాని డేటాను కొత్త సర్వర్ మీద తిరిగి నిర్మించడానికి విపరీతమైన సమయం పడుతోంది. మధ్యలో ఒక్క సర్వర్ పలకకపోయినా పని మళ్లీ మొదటికి వస్తోంది. మరమ్మతుకు తక్కువ డేటా కదిలించే రీజనరేటింగ్ కోడ్‌లకు మారితే ఈ బాధ తీరుతుందా అని అడిగారు.

మీ పరిస్థితిలో ఆ మార్పు ఇప్పుడే చేయవద్దు. మీకు ముందు కావలసింది ఫలానా సర్వర్ నుంచే, ఫలానా ప్యాకెట్టే రావాలని పట్టుబట్టని మరమ్మతు. అది మీరు వాడుతున్న రీడ్–సాలమన్ కోడుతోనే సాధ్యం. ఎందుకంటున్నానో లెక్కలతో సహా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో కాగితం మీది లెక్క ఒకలా, లింకు మీది లెక్క మరోలా ఉంటుంది.

రీడ్–సాలమన్ కోడు 1960 నాటిది. 14 బ్లాకుల్లో ఏ 10 చేతికొచ్చినా మిగతావన్నీ లెక్కగట్టవచ్చన్నది దాని బలం. స్థలం ఖర్చు అసలు డేటాకు 1.4 రెట్లు మాత్రమే. మూడు ప్రతులు దాచుకునే పద్ధతిలో 3 రెట్లు అవుతుంది. దీని బలహీనత మరమ్మతు దగ్గర బయటపడుతుంది. పోయింది ఒక్క బ్లాకే అయినా తిరిగి కట్టడానికి 10 బ్లాకులు చదవాలి. 256 ఎంబీ కోసం 2,560 ఎంబీ నెట్‌వర్క్ మీదికి ఎక్కుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఇదే 10, 4 అమరిక వాడిన ఫేస్‌బుక్ డేటా గిడ్డంగి మీద 2013లో వెలువడిన అధ్యయనంలో, మరమ్మతుల వల్లనే ర్యాకుల (సర్వర్లు పేర్చే అరల) మధ్య రోజుకు 180 టెరాబైట్లకు పైగా డేటా కదులుతోందని తేలింది. అదే అధ్యయనంలో మీకు పనికొచ్చే ఇంకో అంకె ఉంది: బ్లాకులు పోయిన సందర్భాల్లో 98.08 శాతం ఒక్క బ్లాకు మాత్రమే పోయినవి. అంటే ఒక్క బ్లాకు మరమ్మతును చౌకగా, వేగంగా చేయగలిగితే సమస్యలో సింహభాగం తీరినట్టే.

రీజనరేటింగ్ కోడ్‌లు పుట్టింది ఈ అవసరం నుంచే. పరిశోధకుడు డిమాకిస్, ఆయన సహచరులు 2007లో మొదలుపెట్టి 2010లో పూర్తి రూపంలో ప్రచురించిన పని ఇది. వాళ్లు చూపింది క్లుప్తంగా ఇది: పది సర్వర్ల నుంచి మొత్తం బ్లాకులు తెచ్చుకునే బదులు, అంతకంటే ఎక్కువ సర్వర్లను అడిగి, ఒక్కోదాని నుంచి కొంత భాగమే తీసుకుంటే మొత్తం రవాణా తగ్గుతుంది. మీ అమరికలో మిగిలిన 13 సర్వర్లనూ అడిగితే ఒక్కొక్కటి తన బ్లాకులో నాలుగో వంతు, అంటే 64 ఎంబీ ఇస్తే చాలు. మొత్తం 832 ఎంబీ. 2,560తో పోలిస్తే మూడో వంతు కన్నా తక్కువ! మీరు ఆకర్షితులైంది ఈ అంకెకే అయి ఉంటుంది. అది నిజమైన అంకే, అందులో మోసమేమీ లేదు. ఈ కుటుంబానికే చెందిన క్లే కోడ్‌లు 2018లో వచ్చాయి, సెఫ్ అనే నిల్వ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్‌గా కూడా చేరాయి.

అయితే ఆ 832 వెనక ఒక షరతు ఉంది. 13 సర్వర్లూ, ఒక్కటి కూడా తప్పకుండా, తమ వంతు పంపాలి. లింకులు నమ్మదగినవైతే ఇది షరతులా అనిపించదు. మీ లింకుల మీద ఏమవుతుందో చూద్దాం. ఒక సహాయక సర్వర్ గడువులోగా తన వంతు అందించలేకపోయే అవకాశం 5 శాతం అనుకోండి. కారణం లింకు కావచ్చు, డిస్కు కావచ్చు, ఆ సర్వర్ వేరే పనిలో మునిగి ఉండవచ్చు. 13లో 13 సమయానికి వచ్చే అవకాశం 51 శాతం మాత్రమే. దాదాపు ప్రతి రెండో మరమ్మతు ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. అదే రీడ్–సాలమన్‌లో 13లో ఏ 10 వచ్చినా చాలు కాబట్టి ఆ అవకాశం 99.7 శాతం. మధ్యేమార్గాలు ఉన్నాయి. ఏ 12 సర్వర్లయినా చాలనే కోడు ఎంచుకుంటే రవాణా 1,024 ఎంబీ, సకాలంలో ముగిసే అవకాశం 86 శాతం. ఏ 11 అయినా చాలంటే 1,408 ఎంబీ, 97.5 శాతం. పంపాల్సింది తక్కువైనప్పుడు గడువు తప్పే అవకాశం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి అన్నింటికీ ఒకే 5 శాతం వాడటం ముతక లెక్కే. అయినా దిశ స్పష్టంగానే ఉంది: రవాణాలో మిగుల్చుకున్న ప్రతి ఎంబీకీ, ఎంచుకునే స్వేచ్ఛలో కొంత వదులుకుంటున్నాం. నష్టాలు లేని లింకు మీద ఆ స్వేచ్ఛకు విలువ లేదు. మీ లింకుల మీద దానికి మించిన విలువైనది లేదు.

ఇప్పుడు ప్యాకెట్ల నష్టం సంగతి. నష్టం 2 శాతం ఉన్న లింకు మీద 256 ఎంబీ చేర్చాలంటే సిద్ధాంతం ప్రకారం 261 ఎంబీ పంపితే సరిపోతుంది. అదనపు భారం 5 ఎంబీ. ఇంత చిన్న భారానికి మీ మరమ్మతు అంతంత సేపు ఎందుకు సాగుతోంది? ఎందుకంటే పాత పద్ధతి టీసీపీ (ప్యాకెట్లను తప్పకుండా చేర్చే నెట్‌వర్క్ నియమావళి) ప్రతి నష్టాన్నీ రద్దీకి గుర్తుగా తీసుకుని వేగాన్ని సగానికి తగ్గించుకుంటుంది. మాథిస్, ఆయన సహచరులు 1997లో ఇచ్చిన సూత్రం ప్రకారం టీసీపీ వేగం నష్టశాతపు వర్గమూలానికి, రానుపోను సమయానికి విలోమంగా ఉంటుంది. 1,460 బైట్ల ప్యాకెట్, రానుపోను 50 మిల్లీసెకన్లు, 1 శాతం నష్టం అనుకుంటే ఒక కనెక్షన్‌కు దక్కేది సెకనుకు సుమారు 2.8 మెగాబిట్లు. అదనంగా ఎంత సామర్థ్యం కొన్నా ఆ ఒక్క కనెక్షన్ వేగం పెరగదు. ఒక్క బ్లాకు చేరడానికే 12 నిమిషాలు పడుతుంది. సర్వర్ మీద అలాంటి బ్లాకులు వేలల్లో ఉంటాయి. ఇదే 1 శాతం నష్టం కేంద్రం లోపల, రానుపోను అర మిల్లీసెకను ఉన్నచోట వస్తే వేగం దీనికి 100 రెట్లు. అంటే మిమ్మల్ని దెబ్బతీస్తున్నది నష్టం ఒక్కటే అనుకోవద్దు. నష్టమూ దూరమూ కలిసి దెబ్బతీస్తున్నాయి.

దీనికి తేలికైన మందు ఒకటి, గట్టి మందు ఒకటి ఉన్నాయి. తేలికైనది రద్దీ నియంత్రణ పద్ధతిని మార్చడం. గూగుల్ 2016లో ప్రకటించిన బీబీఆర్ ప్రతి నష్టాన్నీ రద్దీగా భావించదు, లింకు నిజంగా ఎంత మోయగలదో కొలుస్తూ నడుస్తుంది. లినక్స్‌లో అది సిద్ధంగా ఉంది. కేంద్రాల మధ్య కనెక్షన్లకు మాత్రమే దాన్ని పెట్టి చూడండి. చాలామందికి ఇక్కడే సగం ఊరట దొరుకుతుంది, ఇందుకు మీ ప్రోగ్రాం ఒక్క ముక్క కూడా మార్చనక్కర్లేదు.

గట్టి మందు ఫౌంటెన్ కోడ్‌లు. పంపేవాడు వెయ్యి ప్యాకెట్ల డేటా నుంచి ఎన్ని కావాలంటే అన్ని మిశ్రమ ప్యాకెట్లు తయారు చేస్తూ పోతాడు. తీసుకునేవాడికి వాటిలో ఏవి వచ్చాయన్నది అనవసరం, ఎన్ని వచ్చాయన్నదే ముఖ్యం. వానకు పెట్టిన బిందె నిండటానికి ఏ చినుకు లోపల పడింది, ఏది పక్కన పడింది అని ఎవరూ లెక్క చూడరు కదా. 2011లో ప్రమాణంగా ఖరారైన ర్యాప్టర్‌క్యూ అనే ఫౌంటెన్ కోడులో, అసలు డేటాలో ఎన్ని ప్యాకెట్లున్నాయో సరిగ్గా అన్నే అందితే విప్పలేకపోయే అవకాశం సుమారు నూటికి ఒకటి. ఇంకొక్కటి ఎక్కువొస్తే పదివేలకు ఒకటి. రెండు ఎక్కువొస్తే పది లక్షలకు ఒకటి. ‘417వది పోయింది, మళ్లీ పంపు’ అనే సంభాషణ అవసరమే ఉండదు. చివరికి ‘చాలు, ఆపు’ అన్న ఒక్క మాట వెనక్కి వెళితే సరి.

ఇందులో రెండు జాగ్రత్తలు. ఒకటి, వేగానికి హద్దు పెట్టకుండా ఫౌంటెన్ ప్యాకెట్లను కుమ్మరిస్తే ఆ లింకు మీద ఉన్న మిగతావారందరి పనీ పాడవుతుంది. కాబట్టి వేగ నియంత్రణ వేరుగా రాసుకోవాల్సిందే. రెండు, నిజమైన లింకుల్లో ప్యాకెట్లు ఒకటొకటిగా పోవు, గుంపులుగా పోతాయి. గిల్బర్ట్ 1960లో, ఇలియట్ 1963లో చెప్పిన నమూనా దీనికి దగ్గరగా ఉంటుంది: లింకు కాసేపు బాగుంటుంది, కాసేపు బొత్తిగా చెడిపోతుంది. సగటు 2 శాతమే అయినా ఒక చెడు ఘడియలో వరసగా 60 ప్యాకెట్లు పోవచ్చు. అందుకే ఒక్క భాగం ప్యాకెట్లనే వరసగా పంపకుండా, ఎనిమిదో పదహారో భాగాల ప్యాకెట్లను కలగలిపి పంపండి. దెబ్బ అందరి మీదా కొంచెం కొంచెం పడుతుంది, ఎవరూ పూర్తిగా మునగరు.

ఇక అసలు సంగతి, మీ నాలుగు కేంద్రాల అమరికకు సరిగ్గా సరిపోయే కిటుకు. రీడ్–సాలమన్ మరమ్మతు ఒట్టి కూడిక. పోయిన బ్లాకులోని ప్రతి బైటూ, పది సహాయక బ్లాకుల్లో అదే స్థానంలో ఉన్న బైట్లను ఒక్కోదాన్ని ఒక్కో గుణకంతో గుణించి కూడితే వస్తుంది. (ఇక్కడ గుణకారం 256 విలువల పరిమిత క్షేత్రంలో జరుగుతుంది, కూడిక అంటే ఎక్స్‌ఓఆర్.) కూడికను ఎక్కడ చేసినా ఫలితం ఒక్కటే. అలాంటప్పుడు పది బ్లాకులనూ కొత్త సర్వర్ దగ్గరికి మోసుకెళ్లి అక్కడే కూడటం ఎందుకు?

దగ్గర నుంచి చూద్దాం. మొదటి కేంద్రంలో ఒక సర్వర్ పోయింది. అక్కడ ఇంకా 3 ఉన్నాయి. మరో 7 బ్లాకులు బయటి నుంచి కావాలి: రెండో కేంద్రంలో 4, మూడో కేంద్రంలో 3. మరమ్మతును నడిపించే సమన్వయకర్త ప్రోగ్రాం పది గుణకాలు లెక్కగట్టి పది సర్వర్లకు పంపుతుంది. రెండో కేంద్రంలోని ప్రతి సర్వరూ తన బ్లాకులో మొదటి 1 ఎంబీ ముక్కను తన గుణకంతో గుణించి, అదే కేంద్రంలో ఎంపికైన ఒక సర్వర్‌కు లోపలి నెట్‌వర్క్ మీద ఇస్తుంది. అది నాలుగింటినీ కూడుతుంది. ఇప్పుడు దాని చేతిలో ఉన్నది 4 ఎంబీ కాదు, 1 ఎంబీ. నష్టాల లింకు దాటాల్సింది ఇంతే. ప్యాకెట్‌కు ఒక కిలోబైటు చొప్పున వెయ్యి ప్యాకెట్ల ముక్క ఇది. 2 శాతం నష్టానికి 1,040 మిశ్రమ ప్యాకెట్లు పంపితే దాదాపు ప్రతిసారీ సరిపోతుంది. మూడో కేంద్రమూ అలాగే తన మొత్తాన్ని పంపుతుంది. కొత్త సర్వర్ ఈ రెంటినీ, తన కేంద్రంలోని మూడు సర్వర్ల మొత్తాన్నీ కూడి, చెక్‌సమ్ (డేటా చెడిపోలేదని తేల్చే చిన్న సంఖ్య) సరిచూసి, డిస్కు మీద రాసి, ‘మొదటి ముక్క పూర్తయింది’ అని లాగ్‌లో నమోదు చేస్తుంది. తరువాత రెండో ముక్క.

ఇలా చేస్తే కేంద్రాల మధ్య కదిలేది బ్లాకుకు 512 ఎంబీ. కూడకుండా తెస్తే 7 బ్లాకులు, 1,792 ఎంబీ. రీజనరేటింగ్ కోడ్ వాడి ఉంటే బయటి 10 సర్వర్ల నుంచి 64 చొప్పున 640 ఎంబీ. గమనించండి, మీ దగ్గర ఇప్పుడున్న పాత కోడే కష్టమైన లింకుల మీద కొత్త కోడు కన్నా తక్కువ పంపుతోంది! కారణం సూక్ష్మమైనదేమీ కాదు. 832 అనే అంకె అన్ని లింకులనూ సమానంగా చూసే లెక్క. మీ లింకులు సమానం కావు. ఖరీదైన దారి మీద ఎంత వెళుతోందన్నదే మీరు చూడాలి.

మూడు సర్వర్లున్న కేంద్రంలో ఒకటి పోయినా ఇంతే. లోపల 2 ఉంటాయి, నాలుగేసి ఉన్న రెండు కేంద్రాల నుంచి 8. మళ్లీ 512 ఎంబీ. ఆ సమయంలో ఒక పెద్ద కేంద్రం లింకు మరీ పాడైతే దాని నుంచి ఏమీ అడగకుండా మిగతా రెంటి నుంచి 7 తీసుకోవచ్చు, కానీ అప్పుడు మొత్తం 9 అవుతుంది, ఒకటి తక్కువ. కాబట్టి ఆ పాడైన లింకు మీద ఒక బ్లాకు తప్పదు, రవాణా 768కి పెరుగుతుంది. ఇలాంటి లెక్కలన్నీ ముందే వేసి పట్టికగా పెట్టుకోండి, మరమ్మతు వేళ ఆలోచించే పని ఉండదు.

ముక్కలుగా చేయడంలోని అతి పెద్ద లాభం ఇంకోటి ఉంది, మీ ‘మళ్లీ మొదటికి వస్తోంది’ అన్న ఫిర్యాదుకు జవాబు అదే. రీడ్–సాలమన్‌లో ప్రతి బైటు స్థానమూ స్వతంత్రం. మొదటి 100 ముక్కలను ఒక పది సర్వర్ల బృందంతో, 101వ ముక్క నుంచి వేరే బృందంతో కట్టవచ్చు. ఒక సర్వర్ మధ్యలో చేతులెత్తేస్తే కొత్త గుణకాలు లెక్కగట్టి, ఆగిన ముక్క నుంచి కొనసాగించండి. పోయేది ఒక ముక్క పని, 1 ఎంబీ. ప్రస్తుతం మీ ప్రోగ్రాం మరమ్మతు మొదలైనప్పుడు ఎంచుకున్న పది సర్వర్లనే చివరిదాకా పట్టుకుని ఉంటోందని మీ వివరణ బట్టి అనిపిస్తోంది. ముందుగా మార్చాల్సింది అదే. క్లే కోడ్‌లలో ఇంత చిన్న ముక్కల స్వేచ్ఛ సులువు కాదు. మీ అమరికకు ఒక్కో బ్లాకును 256 ఉపభాగాలుగా చేయాలి, వాటి మధ్య అల్లిక ఉంటుంది, ఒక సర్వర్ తన వంతుగా వాటిలో చెల్లాచెదురుగా ఉన్న 64 ఉపభాగాలను చదవాల్సి రావచ్చు. ఉపభాగం చిన్నదైన కొద్దీ డిస్కు తల అటూ ఇటూ పరుగెత్తడంతోనే సమయం గడిచిపోతుంది.

కేంద్రం లోపలి నెట్‌వర్క్ బాగుందన్నారు. అది మరమ్మతు వేళ కూడా బాగుంటుందా అన్నది ఒకసారి చూసుకోండి. పదిమంది ఒకేసారి ఒక్క సర్వర్ వైపు పంపడం మొదలుపెడితే స్విచ్‌లో ఆ ఒక్క పోర్టు బఫర్ నిండిపోయి ప్యాకెట్లు రాలిపోతాయి. లినక్స్‌లో టీసీపీ టైమవుట్ (ప్యాకెట్ పోయిందని తేల్చుకునేదాకా ఆగే సమయం) కనీసం 200 మిల్లీసెకన్లు. రానుపోను అర మిల్లీసెకను ఉన్నచోట అది యుగంతో సమానం. లింకులో ఏ లోపమూ లేకున్నా మరమ్మతే నష్టాన్ని పుట్టిస్తుంది. నేను చూసిన వ్యవస్థల్లో ‘లింకులు పాడయ్యాయి’ అని వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఇవే. మామూలు వేళ నష్టం ఎంత, మరమ్మతు నడిచేటప్పుడు ఎంత అని వేరువేరుగా కొలిస్తే వెంటనే తెలిసిపోతుంది. పైన చెప్పిన కూడిక పద్ధతిలో ఒకరి వైపు ఒకేసారి ముగ్గురు నలుగురికి మించి పంపరు కాబట్టి ఈ బెడదా తగ్గుతుంది. సర్వర్లను గొలుసుగా పేర్చి ఒకరి మొత్తాన్ని మరొకరికి అందించే పైప్‌లైన్ పద్ధతి కూడా ఉంది. కేంద్రం లోపల అది చక్కగా పనిచేస్తుంది. నష్టాల లింకుల మీదుగా మాత్రం గొలుసు వేయకండి, ఒక్క బలహీనమైన లంకె మొత్తం గొలుసును ఆపేస్తుంది.

ప్యాకెట్ దారిలోనే పోవడం ఒక రకం నష్టం. పోకుండా చెడిపోయి రావడం ఇంకో రకం, ఇది ఎక్కువ ప్రమాదకరం. డిస్కుల్లో నిశ్శబ్దంగా చెడిపోయే బ్లాకులు అరుదు కావు. 15 లక్షలకు పైగా డిస్కులను 41 నెలలు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో చెక్‌సమ్ సరిపోని బ్లాకులు 4 లక్షలకు పైగా కనిపించాయి. కూడిక పద్ధతిలో దీని పర్యవసానం ఆలోచించండి. నాలుగింటిలో ఒకటి చెడ్డదైతే మొత్తం చెడిపోతుంది. ఆ మొత్తాన్ని చూసి దోషి ఎవరో చెప్పలేం. అందుకని ప్రతి సర్వరూ గుణించడానికి ముందే తన ముక్కను తన దగ్గరున్న చెక్‌సమ్‌తో సరిచూసుకోవాలి. హడూప్ నిల్వ వ్యవస్థ హెచ్‌డీఎఫ్ఎస్ మామూలు అమరికలో ప్రతి 512 బైట్లకు ఒక చెక్‌సమ్ ఉంచుతుంది, అలాంటి సూక్ష్మమైన ఏర్పాటు ఉంటే ముక్కలుగా చదివినా సరిచూడటం సాధ్యం. బ్లాకు మొత్తానికి ఒకే చెక్‌సమ్ ఉంటే 1 ఎంబీ చదివినప్పుడు అది ఎందుకూ పనికిరాదు. టీసీపీ చెక్‌సమ్ ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు, అది 16 బిట్లది, ఇంత పెద్ద రవాణాకు చాలదు. కొత్త సర్వర్ కట్టిన బ్లాకును మెటాడేటాలో (బ్లాకుల వివరాల పట్టికలో) విడిగా దాచిన చెక్‌సమ్‌తో చివరిగా పోల్చాలి. అక్కడ తేడా వస్తే, బృందాన్ని మార్చి మళ్లీ కట్టి చూడవచ్చు. ఎంచుకునే స్వేచ్ఛ ఇక్కడా అక్కరకొస్తుంది. ఒక బ్లాకు పోయిన తరువాత కూడా మీ కోడుకు, ఎక్కడుందో తెలియని ఒక చెడ్డ బ్లాకును పట్టుకుని సరిదిద్దే శక్తి మిగిలే ఉంటుంది, కాకపోతే అందుకు 10 చాలవు, 12 బ్లాకులు చదవాలి.

మీరు అడగని ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నష్టాల లింకుల మీద అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. సర్వర్ నిజంగా పోయిందని ఎవరు, ఎలా నిర్ణయిస్తున్నారు? హార్ట్‌బీట్‌లు (‘బతికే ఉన్నాను’ అని సర్వర్లు తరచూ పంపే సంకేతాలు) కూడా అవే లింకుల మీద ప్రయాణిస్తాయి. అవి పోతే బతికున్న సర్వర్‌ను చనిపోయిందనుకుని మరమ్మతు మొదలుపెడతారు. ఆ మరమ్మతు లింకులను నింపుతుంది. దాంతో ఇంకొన్ని హార్ట్‌బీట్‌లు పోతాయి. ఇంకొన్ని సర్వర్లు చనిపోయినట్టు కనిపిస్తాయి. అమెజాన్ బ్లాక్ స్టోరేజీ సేవలో 2011 ఏప్రిల్ 21న అమెరికా తూర్పు ప్రాంతంలో జరిగింది ఈ జాతిదే. నెట్‌వర్క్ మార్పు చేస్తుండగా రద్దీ తప్పుదారిన తక్కువ సామర్థ్యం ఉన్న నెట్‌వర్క్ మీదికి మళ్లింది. సర్వర్లకు తమ ప్రతులతో సంబంధం తెగింది. లింకు తిరిగి రాగానే అవన్నీ ఒక్కుమ్మడిగా కొత్త ప్రతుల కోసం ఖాళీ స్థలం వెతకడం మొదలుపెట్టాయి. ఆ తుపానులో ఆ జోన్‌లోని 13 శాతం వాల్యూములు (వాడుకరుల నిల్వ డిస్కులు) చిక్కుకుపోయాయి, చివరికి 0.07 శాతం తిరిగి దక్కలేదు. మొదటి దెబ్బ కన్నా మరమ్మతు కొట్టిన దెబ్బే పెద్దదైంది.

కాబట్టి ఆగండి. గూగుల్ 2010లో ప్రచురించిన గణాంకాల ప్రకారం సర్వర్లు అందుబాటులో లేకుండా పోయిన సందర్భాల్లో 15 నిమిషాలు దాటినవి 10 శాతం లోపే. మిగతావన్నీ ఆలోపే తిరిగొచ్చాయి. సర్వర్ పోయిందని తేల్చడానికి హెచ్‌డీఎఫ్ఎస్‌లో ముందే పెట్టి ఉండే గడువు 10 నిమిషాల 30 సెకన్లు, సెఫ్‌ది 10 నిమిషాలు. మీకు ఒక్క బ్లాకు పోతే ఇంకా మూడు పోయినా తట్టుకునే కోడు ఉంది కనుక 15 నుంచి 30 నిమిషాలు ఆగడంలో పెద్ద ప్రమాదం లేదు. అదే రెండు బ్లాకులు పోయిన వాటికి ఆగవద్దు, వరసలో వాటినే ముందుకు తేండి. మూడు పోయినవాటి కోసం మిగతా మరమ్మతులన్నీ నిలిపివేసినా తప్పులేదు. హార్ట్‌బీట్‌లకు నెట్‌వర్క్‌లో ప్రత్యేక ప్రాధాన్య వరుస ఇవ్వండి. ఒక సర్వర్ చనిపోయిందని తీర్మానించే ముందు కనీసం రెండు కేంద్రాల నుంచి దాన్ని పలకరించి చూడండి. మొత్తం కేంద్రమే ఒక్కసారిగా మాయమైతే అది దాదాపు ఎప్పుడూ లింకు సమస్యే. అప్పుడు ప్రోగ్రాం సొంతంగా మరమ్మతు మొదలుపెట్టకూడదు, మనిషిని పిలవాలి. అలాగే మరమ్మతుకు లింకు సామర్థ్యంలో ఇంతకు మించి వాడరాదని ఒక హద్దు పెట్టి, ఆ హద్దును నష్టశాతం పెరిగినప్పుడు దానంతట అదే తగ్గేలా చేయండి.

స్థలం ఖర్చు భరించగలమనుకుంటే ఒక మంచి దారి ఉంది. ప్రతి కేంద్రంలో ఆ కేంద్రపు బ్లాకులన్నింటినీ కూడిన ఒక స్థానిక బ్లాకు అదనంగా ఉంచండి. మొత్తం 18 బ్లాకులవుతాయి, ఖర్చు 1.4 నుంచి 1.8 రెట్లకు పెరుగుతుంది. దానికి ప్రతిఫలంగా ఒక్క సర్వర్ పోయినప్పుడు నష్టాల లింకు గడప తొక్కే పనే ఉండదు, కేంద్రం లోపలి మూడు నాలుగు బ్లాకులతో మరమ్మతు ముగుస్తుంది. ఇది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజ్యూర్ 2012లో వివరించిన స్థానిక మరమ్మతు కోడ్‌ల ఆలోచనే. వాళ్లది 12 డేటా బ్లాకులు, 2 స్థానికం, 2 సార్వత్రికం, ఖర్చు 1.33 రెట్లు, ఒక డేటా బ్లాకు మరమ్మతుకు 6 చదివితే చాలు. మీ కేంద్రాల సంఖ్య ఎక్కువ కాబట్టి మీకు స్థలం ఎక్కువ పడుతుంది. లింకులు బాగుపడే ఆశ లేకపోతే నేనైతే రీజనరేటింగ్ కోడ్ కన్నా దీనివైపే మొగ్గుతాను. పైగా ఇప్పుడున్న బ్లాకుల్లో దేన్నీ మార్చనక్కర్లేదు, పక్కన ఒకటి చేర్చడమే.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న: మరమ్మతు సగంలో ఉండగా పాత సర్వర్ తిరిగొస్తే ఏం చేయాలి? ఆ సమయానికి పూర్తయిన బ్లాకులను కొత్త సర్వర్‌లో అలాగే ఉంచండి. ఇంకా మొదలుకాని వాటిని వరస నుంచి తీసేయండి, కానీ పాత సర్వర్‌లోని ప్రతి బ్లాకు వెర్షన్‌నూ చెక్‌సమ్‌నూ మెటాడేటాతో పోల్చిన తరువాతే. అది లేని సమయంలో ఆ ఫైలు మారి ఉండవచ్చు. సగంలో ఉన్న బ్లాకుకు పాత సర్వర్‌ను ఒక మూలంగా వాడుకోండి: మిగిలిన ముక్కలను అదే కేంద్రంలో ఉన్న ఆ సర్వర్ నుంచి నేరుగా కాపీ చేస్తే లింకులు దాటే పని తప్పుతుంది. పాత ప్రతిని వెంటనే చెరిపేయకండి. ఒకసారి పడిన సర్వర్ కొద్ది రోజుల్లో మళ్లీ పడటం మామూలే, కాబట్టి దాన్ని కొంతకాలం చదవడానికి మాత్రమే ఉంచి, కొత్త బ్లాకులు రాయనివ్వకుండా గమనించండి.